ఒక్క కంటికి ఇన్ని చేతులు

"ఎన్నిసార్లు చెప్పల్ల మే నీకు? అది పాలచెంబు."

"పాలచెంబని నాకూ తెలుసు అత్తా. నీళ్లే గదా కాస్తాండా."

"పిల్లికి కాస్తాండావు."

"పిల్లి తాగదు అత్తా. దూది ముంచి కండ్లు తుడిచేదానికి."

"ఆ దూది దాని కంటికి తగులుతుంది. ఆ చేత్తోనే మళ్లా చెంబు పట్టుకుంటావు. ఆ చెంబుతోనే రేపు మీ మామకు పాలు పోస్తావు. నాకు తెలీదా ఏంది?"

మూడు రోజులుగా ఇదే వరస. ఆళ్లగడ్డలో సైకిల్ షాపు శ్రీనివాసులు ఇంట్లో గిన్నెలకు కొదవ లేదు గానీ, పిల్లికూన కండ్లు తుడవడానికి గుక్కెడు నీళ్లు కాచుకుందామంటే మాత్రం ఒక్క గిన్నె దొరకదు. సత్తుగిన్నె పప్పుది. చిన్న తపేలా మామ పెద్దయ్య పొద్దున్నే శొంఠి కషాయం కాచుకునేది. ఇత్తడి గిన్నె అహోబిలం తిరునాళ్లలో కొన్నది, పొంగలికి తప్ప అటక మీంచి దిగదు. మట్టిమూకుడికి అడుగున చీలిక. ఏడో నెల కడుపుతో పొయ్యి ముందు కూర్చుని లేవడమే గండంగా ఉన్న తిరుపాలమ్మకు, ఒక్కో గిన్నె పేరు చెప్పి లేవడం, కాదనిపించుకుని కూర్చోవడంతోనే సగం పొద్దు పోతోంది.

వసారాలో కిటికీకి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్న శ్రీనివాసులు నురగ మూతితోనే అన్నాడు. "ఇయ్యి మా ఒక చెంబు. పోతే ఇంగోటి కొంటాం."

"నువ్వు కొంటావులే నాయనా. ఊదుగొట్టం కొంటానంటివి పోయిన ఏడు. ఇంకా నోటితోనే ఊదుకుంటాండాం," అంది అత్త సుంకమ్మ.

అరుగు మీద నుంచి పెద్దయ్య గొంతు కలిపాడు. "నీళ్లెందుకమ్మా తిరుపాలూ, నందివర్ధనం పూలు రెండు నలిపి కండ్ల మీద పెడితే సల్లగా ఉంటాది. రేపటికి తెరుస్తాది."

తిరుపాలమ్మ గోడ పట్టుకుని లేచి, లోపలి గదిలో తన ట్రంకుపెట్టె తెరిచి, పెండ్లికి నంద్యాల నుంచి అమ్మ పంపిన స్టీలు గ్లాసు తీసింది. దాని మీద చుక్కల అక్షరాలతో తన పేరు చెక్కి ఉంటుంది. ఆరేళ్లుగా దాన్ని వాడటానికి మనసు రాలేదు. ఇప్పుడు దాంట్లో నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి, నిప్పుల మీద పెట్టింది. మెరిసే గ్లాసు అడుగున మసి పట్టడం చూస్తూ, ఇది నాది, ఇంక ఎవరేమంటారో అననీ అనుకుంది. సుంకమ్మ పాలచెంబును కొంగుతో తుడిచి గూట్లో పెట్టుకుంది.

పిల్లికూన వెదురుగంపలో పాత చీరముక్క మీద ఉంది. అటక మీద వేరుశనక్కాయల బస్తాల సందులో తల్లి నాలుగింటిని పెట్టింది. కండ్లు తెరిచిన వారానికి మూడింటిని నోట కరుచుకుని యాడికో తీసుకుపోయింది. దీన్ని వదిలేసింది. దించి చూస్తే రెండు కండ్లూ పసుపుపచ్చ పుసితో అతుక్కుపోయి ఉన్నాయి. ఎడమది ఉబ్బి చింతగింజంత ముందుకొచ్చింది. బూడిద రంగు ఒళ్లు. ఐదేళ్ల కూతురు చెంచులక్ష్మి దానికి అప్పుడే బూడిద అని పేరు పెట్టేసింది.

పొద్దున్నే తిరుపాలమ్మ తుడిస్తే కుడికన్ను సన్నగా తెరుచుకునేది. మధ్యాహ్నానికి మళ్లీ మూసుకునేది. సాయంత్రం చూస్తే పుసి నల్లగా, జిడ్డుగా ఉండేది. పసుపుపచ్చ పుసి నల్లగా ఎట్లా అవుతోందో ఆమెకు అర్థం కాలేదు.

చెంచు గంప పక్కన గొంతుకూర్చుని, తల ఎడమ వైపుకు వంచి చూసేది. చెంచుకు కుడికంట్లో జొన్నగింజంత తెల్లని పువ్వు. ఏది చూడాలన్నా తల వంచి చూడటం అలవాటయింది. కూన కూడా చప్పుడు విన్నప్పుడల్లా తల అట్లాగే వంచేది. ఆ రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడల్లా తిరుపాలమ్మ చేతిలో పని ఆగిపోయేది.

చెంచుకు నాలుగో నెల నడుస్తుండగా, ఈ ఇంట్లోనే, కండ్లు ఇట్లాగే పుసి కట్టాయి. అత్త కాటుక పెట్టింది. మామ పూలరసం పిండాడు. మగబిడ్డ తల్లి పాలైతేనే కంటికి మంచిదని పక్కింటి జీవమ్మను పిలిస్తే, ఆమె వచ్చి నాలుగు చుక్కలు పిండి పోయింది. శ్రీనివాసులు మందులషాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చాడు. ఇరవై ఏళ్ల తిరుపాలమ్మ, వచ్చినవాళ్లందరికీ బిడ్డ తల కదలకుండా పట్టుకుని కూర్చుంది. పదిహేను రోజులకు వాపు తీసింది, పువ్వు మిగిలింది. ఎవరు వేసినదానివల్ల వచ్చిందో, ఏమీ వేయకపోయినా వచ్చేదో, ఎవరికీ తెలియదు. అందరూ వేశారు కాబట్టి ఎవరూ వేయనట్టే అయింది. దాని రాత అన్నారు. తల పట్టుకున్న చేతులు ఎవరివో తిరుపాలమ్మకు మాత్రం తెలుసు.

ఇప్పుడు పెరట్లో దండెం మీద, రోజూ పొన్నగంటాకు పసరులో ముంచే తెల్లగుడ్డ ఆరుతోంది. రాబోయే బిడ్డకు సుంకమ్మ అప్పుడే కాటుక పని మొదలుపెట్టింది. ఆ గుడ్డను వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన రాగిచెంబు బోర్లించి మసి పట్టి, నేతిలో రంగరిస్తుంది. పురుడు నాడు ఆమె కాటుక పెట్టని బిడ్డ ఆ వీధిలో లేదు. పొరుగూళ్ల నుంచి కూడా భరిణెలు పంపుతారు. ఎవరి దగ్గరా ఆమె ఒక్క పైసా తీసుకోదు. ఆ గుడ్డ దండెం మీదకెక్కినప్పటి నుంచి తిరుపాలమ్మ పెరట్లోకి వెళ్లినప్పుడల్లా తల దించుకుని పోతోంది.

నాలుగో రోజు పొద్దున అంది. "నంద్యాల పోతాండా. ఎట్లాగూ నేను ఆస్పత్రిలో చూపించుకోవల్ల. దీన్ని గూడ పశువుల ఆస్పత్రిలో చూపిస్తా."

శ్రీనివాసులు సైకిలు తాళంచెవి వెతుక్కుంటూ ఆగాడు. "పిల్లినా? బస్సులోనా?"

"నడిచి పోతే అలిసిపోతాది గదా," అంది తిరుపాలమ్మ.

ప్లాస్టిక్ వైరుబుట్టలో చీరముక్క వేసి కూనను పెట్టి, మీద తువ్వాలు కప్పి, చెంచును వెంటబెట్టుకుని బస్సెక్కింది. సిరివెళ్ల దాటిందాకా కూన నోరెత్తలేదు. అక్కడ బస్సు కుదుపుకు లేచి బస్సెగిరిపోయేటట్టు అరిచింది. ముందు సీట్లో పంచెకట్టు పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా అది? పిల్లినా? సంబంధం మాట్లాడేదానికి పోతాండా నేను!"

"పిల్లి ఎదురొస్తేనే తప్పు పెద్దాయనా," అన్నాడు కండక్టరు. "ఇది మనతోపాటే వస్తాంది. దీనికీ అదే దోవ. దిగమంటావా నిన్ను?"

బస్సంతా నవ్వింది. పెద్దాయన మాత్రం లేచి వెనక సీటుకు పోయి కూర్చున్నాడు. తిరుపాలమ్మకు నవ్వు రాలేదు. చెంచు తువ్వాలు కిందికి చేయి పెట్టి, "ఆయనకేం తెల్దు లేమ్మా," అని కూనకు చెబుతోంది.

నంద్యాల పశువుల ఆస్పత్రిలో కొయ్యల మధ్య ఒక ఎద్దును కట్టి ఉంచారు. దాని పక్కన నాలుగు బర్రెలు, వాటి మనుషులు. కాంపౌండరు కృపావరం వైరుబుట్టలోకి తొంగిచూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే అన్నా."

"ఎద్దులు అయినాక పిలుస్తాం. కూచో తల్లీ, నిలబడొద్దు," అని తన ముక్కాలిపీట తెచ్చి నీడన వేశాడు.

డాక్టరు నెరిసిన మీసాల మనిషి. ఎద్దును చూసిన చేతులు సబ్బుతో కడుక్కుని, కూనను అరచేతిలోకి తీసుకున్నాడు. దూదితో తుడిచాడు. దూది వంక చూశాడు. మళ్లీ తుడిచాడు.

"ఇదేంది, నల్లగ? కాటుకనా?"

తిరుపాలమ్మ వంగి ఆ దూది వంక చూసింది. కాటుక. పుసి నల్లబడటం లేదు, ఎవరో నల్లగా చేస్తున్నారు. పిల్లికి పాలచెంబు కూడా ఇవ్వని మనిషి, తను చూడనప్పుడు దాని కంట్లో...

"ఇది పసుపు. ఇదేదో ఆకు పసరు." డాక్టరు దూదిని కృపావరానికి చూపించాడు. "మీ ఇంట్లో ఎంతమంది డాక్టర్లమ్మా?"

కృపావరం నవ్వాడు. తిరుపాలమ్మ తల దించుకుంది.

"ఎడమది పోయింది. దాన్ని గురించి మర్చిపో. కుడిది ఉంటాది, నువ్వు ఉంచుకుంటే. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు. ముక్కు పక్క నుంచి బయటికి తుడవల్ల. ఒక కంటికి పెట్టిన దూది ఇంగో కంటికి పెట్టొద్దు. ఈ ట్యూబు మందు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. పది దినాలు. ఇంకేమీ వద్దు. ఒక్క చెయ్యే ముట్టుకోవల్ల దాన్ని. తెలిసిందా?"

"తెలిసింది సార్."

అప్పుడు డాక్టరు కండ్లు చెంచు మీద పడ్డాయి. అది తల వంచి కూనను చూస్తోంది. ఆయన వంగి దాని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

"పాపకు ఎప్పటి నుంచి?"

"నాలుగో నెల నుంచి."

ఆయన తిరుపాలమ్మ కడుపు వైపు ఒకసారి చూసి, తర్వాతి బర్రెను రమ్మన్నాడు.

ఇంటికొచ్చాక తిరుపాలమ్మ కాటుక సంగతి ఎత్తలేదు. అత్త ముఖం మీద ఎట్లా అడగాలో ఆమెకు ఆరేళ్లలో రాలేదు. డాక్టరు చెప్పింది మాత్రం అందరూ వినేటట్టు చెప్పింది. సుంకమ్మ, "ఓ, డాక్టరు. బర్రెల డాక్టరు," అని చాట తీసుకుని జొన్నలు చెరగడానికి పోయింది. పెద్దయ్య, "మంచిదమ్మా," అన్నాడు. ఆయన ఏదానికైనా మంచిదమ్మా అనే అంటాడు.

ఐదు రోజులు తిరుపాలమ్మ గంపను తన మంచం కిందే పెట్టుకుంది. మూడు పూటలా స్టీలు గ్లాసులో నీళ్లు కాచింది. ఆరో రోజుకు కుడికన్ను పూర్తిగా తెరుచుకుంది. లేత నీలం రంగు కన్ను. కూన గంపలోంచి బయటపడి, పడుతూ లేస్తూ వాకిట్లోకి వచ్చి, కోడిపిల్లను చూసి వీపు ఎత్తింది. చెంచు చప్పట్లు కొట్టింది. వీధిలో పోతున్న జీవమ్మ చంకలో మూడోవాణ్ణి ఎత్తుకుని ఆగి, "పరవాల్యా, పులైతాంది," అంది. సుంకమ్మ కూడా వాకిలి చిమ్ముతూ చిమ్ముతూ చీపురు ఆపి చూసింది.

ఏడో రోజు సిరివెళ్లలో శ్రీనివాసులు చిన్నాయన కూతురి శ్రీమంతం. పోకపోతే మాట వస్తుంది. తిరుపాలమ్మ పొద్దున్నే కూన కన్ను తుడిచి, మందు పెట్టి, ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికి చెప్పింది. "సాయంత్రం వచ్చి నేనే పెడతా. ఎవరూ ముట్టుకోవద్దండి." చెప్పినా నమ్మకం కుదరలేదు. ట్యూబును ట్రంకుపెట్టెలో పెట్టి బీగం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుని, చెంచును గంప దగ్గరే వదిలి బయల్దేరింది. మధ్యాహ్నం పూట తప్పుతుందని బస్సు కదిలాక గుర్తొచ్చింది. ఒక్క పూటకేం కాదులే అనుకుంది. గాజులు తొడుగుతున్నంతసేపూ మనసు గంప దగ్గరే ఉంది. భోజనాలు కాకుండానే తిరుగుబస్సు పట్టుకుంది.

వచ్చేసరికి గంప వసారాలో ఉంది. కూన ముఖమంతా తడి. కుడికన్ను మూసుకుపోయి, చుట్టూ వెంట్రుకలు నల్లగా, జిడ్డుగా, పసుపు మరకలతో అట్టకట్టి ఉన్నాయి. ముట్టుకుంటే కీచుమంది.

తిరుపాలమ్మ చీర కూడా మార్చుకోలేదు. గ్లాసులో నీళ్లు కాచింది. చల్లారిందాకా కూర్చోవడానికి ఓపిక లేక పళ్లెంలో పోసి విసనకర్రతో విసిరింది. ఒకటి తర్వాత ఒకటి దూదిముక్కలు నల్లబడుతూనే ఉన్నాయి. చివరికి రెప్పలు విడివడ్డాయి. నీలం కంటి మీద, ఒక అంచున, ఆవగింజంత తెల్లటి మసక.

"ఎవరు పెట్టినారు?" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

శ్రీనివాసులు షాపు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. పెద్దయ్య అరుగు మీద బీడీ ఆర్పేశాడు. సుంకమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అవ్వ కాటుక పెట్టింది," అంది చెంచు. వేలు మడిచింది. "తాత పూలు పిండినాడు. నాయన అన్నానికొచ్చి చుక్కలేసినాడు, ఆ అల్మారాలోటివి. అది ఊరుకోకపోతే జీవమ్మత్త పాలు పోసింది. మళ్లా అవ్వ పసుపునీళ్లతో తుడిచింది." ఐదు వేళ్లూ మడిచిన పిడికిలిని అమ్మకు చూపించింది.

అప్పుడు సుంకమ్మ చాట కింద పెట్టింది. "అవును, పెట్టినా. ఏం చెయ్యమంటావు మే? నువ్వు మందు బీగమేసుకుని పోతివి. మధ్యాహ్నం పుసి కారి అది గంపంతా గీకుతా అరుస్తాంటే చెవులు మూసుకుని కూచోవల్లనా? పసిది గదా అది. నా కాటుక ఎవురికి చెడు చేసింది ఈ ఊర్లో? ఈ వీధిలో అందరి కండ్లూ నేను దిద్దినవే."

"పాత మందే కానీ, మంచి కంపెనీది," అన్నాడు శ్రీనివాసులు టవలుతో కాళ్లు తుడుచుకుంటూ. "ఒక్క చుక్కే ఏసినా."

"పూలు సల్లగనే ఉంటాయమ్మా," అన్నాడు పెద్దయ్య.

తిట్టడానికి తిరుపాలమ్మకు ఒక్క ముఖం కూడా దొరకలేదు. అందరి ముఖాల్లోనూ జాలే ఉంది. జాలితోనే పెట్టారు. అప్పుడూ జాలితోనే పెట్టి ఉంటారు. తను కూడా బీగం వేసి ఒక పూట తప్పించింది. ఈ ఇంట్లో చెడ్డవాళ్లంటూ ఎవరన్నా ఉంటే ఎంత బాగుండునో అనిపించి, ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక, చేతిలోని దూదిని పిండి పిండి ముద్ద చేసింది.

చెంచు పిడికిలి విప్పి మళ్లీ వేళ్లు చూసుకుంటోంది. "అమ్మా," అంది, "వీటిల్లో నా కంట్లో ఏది పోసినారు?"

సుంకమ్మ చేయి చాట మీదే ఆగిపోయింది. శ్రీనివాసులు టవలు దండెం మీద వేయబోయి, అక్కడ ఆరుతున్న పసరుగుడ్డను చూసి, టవలును భుజం మీదే వేసుకున్నాడు.

"అన్నీ," అంది తిరుపాలమ్మ. "నేనే పట్టుకున్నా నిన్ను."

చెంచు తల వంచి, కూన కన్ను వైపు చూస్తూ, "దీనికి ఇంగ వద్దులే," అంది.

దీపాలు పెట్టే వేళకు అందరూ అన్నాలకు కూర్చున్నారు. జొన్నరొట్టె, పప్పు, గోంగూర. ఉప్పు అడగాల్సినవాళ్లు కూడా అడగకుండా తిన్నారు. తిరుపాలమ్మ మామకు రొట్టె వేసింది, భర్తకు పప్పు వేసింది, అత్త విస్తట్లో గోంగూర వేసి పైన చుక్క నూనె వేసింది. సుంకమ్మకు అట్లా తినడం ఇష్టం. కూన తిరుపాలమ్మ ఒడి పక్కనే, గంపలో, మందు పెట్టిన కన్ను మూసుకుని పడుకుంది. ఆ మసక కరుగుతుందో, చెంచు పువ్వులాగా ఉండిపోతుందో పది రోజులైతే గానీ తెలియదు.

మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది మెట్టినింట్లో అని ఎప్పుడో మాటయిపోయింది. పదకొండో నాటి పురుడికి పిలుపుల పట్టీ కూడా పెద్దయ్య నోటికి వచ్చేసింది. ఆ సంగతంతా తిరుపాలమ్మకు తెలుసు. మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుని, గరిట చేతిలోకి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతో చెప్పింది.

"సోమవారం నంద్యాల పోతాండా, అమ్మ దగ్గరికి. చెంచును, దీన్ని గూడ తీసుకపోతా. కాన్పు ఆడనే. బిడ్డకు ఆరో నెల వచ్చినాక వస్తా."

పెద్దయ్య మంచిదమ్మా అనబోయి ఆగాడు. శ్రీనివాసులు అమ్మ వైపు చూశాడు. సుంకమ్మ విస్తట్లోకే చూస్తోంది.

"పురుడు ఆడ చేస్తారు, మీరంతా రాండి. బిడ్డను ఎత్తుకోండి, ఎంతసేపన్నా. కంట్లో మాత్రం ఎవురూ ఏమీ పెట్టొద్దు. కాటుక గూడ వద్దత్తా." గరిట ముంచి, మొదట అత్త విస్తట్లోనే మజ్జిగ పోసింది. "మా అమ్మకు గూడ ఇదే చెప్తా."